రేణుక తీసుకెళ్లిన ఉయ్యాల

నా పేరు శైలజ. తండ్రి మాసయ్య. వయసు ఇరవై రెండు. సొంతూరు బిజినేపల్లి. వనపర్తి శివారులోని డిజైన్ కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మానాన్నలు బెంగళూరులో మేస్త్రీ పనికి వెళ్తారు. ఎస్సై గారు అడగ్గా చెబుతున్నాను.

డిగ్రీ పూర్తికావాలంటే ఒక వస్తువు తయారుచేసి, మార్కులు వేసే జ్యూరీకి చూపించాలి. నేను ఉయ్యాల చేశాను. పనిచోట తల్లులు మడిచి మోసుకెళ్లే ఉయ్యాల. మూడు ఇనుప గొట్టాలు, మధ్యలో మా అమ్మ పాత చీర. మా గైడు ప్రేమ్ కుమార్ సార్ మొదట రంగు బాగాలేదన్నారు. మార్చాను. దాని వెనక కథ లేదన్నారు. రాశాను. చివరికి, వాడిచూసిన రుజువేదని అడిగారు. వెనకాల హాస్టల్ కడుతున్న కూలీలకు ఇస్తానంటే, మరకలు పడతాయని ఒప్పుకోలేదు. నాకు ఏడుపొచ్చింది.

జ్యూరీకి ముందురోజు అమ్మకు ఫోన్ చేశాను. "ఖాళీగ పెట్టకు బిడ్డా, లోపల రాయన్న పెట్టు" అంది. "అది డిజైనమ్మా, నీకు తెల్వదు" అని విసుక్కున్నాను.

జ్యూరీ రోజు, సోమవారం ఉదయం తొమ్మిదికి చీర ఉతికి, ఉయ్యాలను కాలేజీ వరండాలో ఆరబెట్టి, పోస్టర్ల ప్రింట్లకు బజారుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఉయ్యాల లేదు. వాచ్‌మన్ భీమన్న వెతికితే, హాస్టల్ కడుతున్నచోట ఇసుక కుప్ప పక్కన కనిపించింది. అందులో పాప నిద్రపోతోంది. తల్లి రేణుక, ఊరు మానవపాడు, తట్టలు మోస్తోంది.

"ఎందుకు తెచ్చినవ్?" అని అరిచాను.

"ఖాళీ ఉయ్యాల గాలికి ఊగుతుండె మేడం. గట్ల ఊగొద్దు గద, పిల్లలకు కీడంటరు. పిల్లను పండవెట్టిన. పిల్ల కండ్ల ముంగట ఉండాలెనని ఈడికి తెచ్చుకున్న. సంకల పిల్ల ఉన్నా ఒక్క చేత్తోనే లేసింది."

ఒక్క చేత్తో లేస్తుందని నా రిపోర్టులో రాస్తే సార్ నమ్మలేదు. అడగకుండా తెచ్చినందుకు రేణుక మీద కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. కానీ అది దొంగతనం కాదు.

సార్ వచ్చి, "పిల్లను తీయమను, జ్యూరీ కూసున్నది" అన్నారు.

"జ్యూరీనే ఇక్కడికి పిలవండి సార్, మీరడిగిన రుజువు ఇదే" అన్నాను.

దుమ్ములోకి వాళ్లు రారన్నారు. నిద్రపోతున్న పాపను నేను లేపలేదు. నా పేరు ఎదుట "వస్తువు చూపలేదు" అని రాశారు. మళ్లీ ఒక సంవత్సరం చదవాలట. అది చాలదన్నట్టు, నన్ను అడగకుండానే, కాలేజీ సొత్తు పోయిందని సార్ రేణుక మీద ఫిర్యాదు ఇచ్చారు. ఆ గొట్టాలు నావి. చీర మా అమ్మది. దొంగతనం కాదు.

ఫిర్యాదు మీద మీవాళ్లు ఉయ్యాలను తెచ్చినప్పుడు పాపను ఇసుకలో పడుకోబెట్టారు. ఉయ్యాల ఇప్పుడు ఈ గదిలోనే ఉంది, దాని గొట్టానికి మీ చీటీ కట్టి ఉంది. వదిలేటప్పుడు నాకు ఇవ్వకండి, రేణుకకు ఇవ్వండి. ఇందాకటి నుంచి ఫ్యాను గాలికి ఖాళీగా ఊగుతోంది. దయచేసి ఆ ఫ్యాను ఆపండి.

ఇవి నేను నోటితో చెప్పిన మాటలే. చదివి వినిపించారు, ఒప్పుకున్నాను. ఇందులో అబద్ధం లేదు.

(సంతకం) శైలజ