పువ్వు వెనక నీలిగుడ్డ

అక్కాచెల్లెళ్ళు పాత ట్రంకుపెట్టె తెరిచి కూర్చున్నారు. చెల్లెలి కూతురు ఎల్లుండి హాస్టలుకు వెళ్ళిపోతోంది. ఆ పిల్ల దిండు గలీబు మీద ఏం కుట్టాలో తల్లికి తోచడం లేదు.

"మూడు రోజులుగా ఈ గుడ్డ నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను, అక్కా."

"ఇదిగో, అమ్మ కుట్టిన గలీబు. ఈ మందారాన్నే చూసి దించెయ్యి."

"ఏదీ, తిప్పి చూడనీ. వెనక ఈ నీలిగుడ్డ ముక్కేమిటి?"

"అమ్మ చీర. అప్పుడు నీకు మూడేళ్ళు. నీ కబుర్లు వింటూ వింటూ గలీబునీ, ఒళ్ళో ఉన్న చీరనీ కలిపి కుట్టేసింది. లేవబోతే గాని తెలియలేదు."

"మరి విప్పలేదా?"

"విప్పితే పువ్వు పాడవుతుందని చీరనే కత్తిరించింది. ఆ చిల్లును కుచ్చిళ్ళలో దాచుకుని ఎన్నేళ్ళు కట్టిందో."

"అమ్మ చీరలన్నీ నువ్వు పంచిపెట్టేశావని ఇన్నాళ్ళూ నీ మీద కోపంగా ఉండేదక్కా. ఒక్క ముక్కయినా మిగల్లేదనుకున్నాను."

"తెలుసులే. నువ్వు మూతి ముడిస్తే వీధి చివరికి కనిపిస్తుంది. సరే, ఇంతకీ ఏం కుడతావు?"

"ఏ పువ్వైనా ఫరవాలేదు. ముందు నా కొంగును గుడ్డ కింద పరుచుకోనీ."

"అది కొత్త చీరే, పిచ్చిమొహమా."

"తెలుసు. కత్తెర నీ దగ్గరే ఉంచు. పువ్వు పూర్తయ్యాక అడుగుతాను."