బ్యాటరీ మీద బండి

హైబ్రిడ్ ట్యాక్సీ నత్తనడక నడుస్తోంది. వెనక సీట్లో యువకుడికి కాలు నిలవడం లేదు.

"అన్నా, సైకిలు కూడా మనల్ని దాటేసింది."

"దాటనీ తమ్ముడూ. గట్టిగా తొక్కితే పెట్రోలు ఇంజను లేస్తుంది. మెల్లగా పోతే బ్యాటరీ మీదే నడుస్తుంది."

"సిగ్నల్ అల్లంత దూరముంటే అప్పుడే బ్రేకెందుకు?"

"ముందునించీ మెత్తగా నొక్కితే చక్రాల ఊపుతోనే బ్యాటరీ నిండుతుంది."

"నాకు ఇంటర్వ్యూ ఉందన్నా. పెట్రోలు మిగిలితే నీకేంటి?"

"నా ఉద్యోగం మిగులుతుంది. బండికి పెట్రోలు ఎక్కువ తాగించినవాణ్ణి పీకేస్తానన్నాడు ఓనరు. తను మాత్రం కారులో ఏసీ వేసుకుని కునుకు తీస్తాడు. నా సీటుకి ఎవణ్ణో పిలిపించాడట కూడా. ఇంతకీ నీది ఏం ఉద్యోగం?"

"డ్రైవరుద్యోగం."

"ఎవరి దగ్గర?"

"ఈ బండి తలుపు మీద ఎవరి పేరుందో ఆయన దగ్గరే."

డ్రైవరు పెడల్ మీంచి కాలు తీసేశాడు.

"అన్నా, బండి ఆగిపోతోంది."

"ఆగితే ఏం? ఆగిన బండి చుక్క పెట్రోలు కూడా తాగదు."