ఎడమ పిక్క కొలత

భవానీపురంలో మేడ మీద రెండు గదుల వాటా. సాయంత్రం ఆరు దాటింది. తెల్లారితే వినీలకి మసాజ్ థెరపీ సర్టిఫికెట్ పరీక్ష. పద్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయిన అత్తగారు తెరేసమ్మ, మంచం మీద దిండుకి ఆనుకుని, కళ్ళజోడు పెట్టుకుని ప్రశ్నలు చదువుతోంది. కోడలు ఆ కాలే ఒళ్ళో పెట్టుకుని, నూనె రాస్తూ జవాబులు చెబుతోంది. చూసినవాళ్ళెవరైనా ఈ అత్తాకోడళ్ళకి దిష్టి తీయాలనుకుంటారు.

“ముప్పై తొమ్మిది చెప్పాగా అత్తయ్యా, మళ్ళీ అదే చదువుతారేం?”

“చెప్పావా? సర్లే. నలభై. ‘కాలికి మర్దన చేసేటప్పుడు చేతులు ఏ దిక్కుగా సాగాలి?’”

“కింద నుంచి పైకి, గుండె వైపుకి. కాళ్ళలో చెడు రక్తం సిరల్లోంచి పైకెక్కాలి కదా, దానికి మనం సాయం చేయాలి.”

“మా అమ్మ పైనుంచి కిందికే లాగేది. మేమేమన్నా చచ్చామా?”

“ఆవిడకి పరీక్ష లేదు కాబట్టి సరిపోయింది. నలభై ఒకటి చదవండి.”

“‘మోకాలి వెనక గుంటలో బలంగా నొక్కవచ్చా?’”

“నొక్కకూడదు. పెద్ద రక్తనాళం, నరం అక్కడ పైపైనే ఉంటాయి. అడ్డంగా కండ ఉండదు.”

“నలభై రెండు. ‘పిక్కలో పైకి కనపడే పెద్ద కండ ఏది?’”

“గ్యాస్ట్రోక్నీమియస్.”

“అదేం పేరే తల్లీ! నా కాల్లో ఉన్నదానికి నాకే నోరు తిరక్కపోతే ఎట్టా?”

“రేపు నోరు తిరగాల్సింది నాకు లెండి. దాని కింద ఇంకోటి, సోలియస్. రెండూ కలిసి మడమ దాకా ఒకటే తాడులా దిగుతాయి. అడుగు తీసి అడుగేయాలంటే మడమని పైకి లేపేవి అవే.”

“పొద్దుటి నుంచీ ఇదే గోల. కాసిని కాఫీ నీళ్ళు తాగరాదూ.”

“మీ అబ్బాయి వచ్చాక తాగుతా. కొండపల్లిలో షిఫ్టు బస్సు ఎప్పుడో బయల్దేరి ఉంటుంది. పొద్దున ఆయన ఏమన్నారో విన్నారా? గుంటూరు దాకా బండి మీద తనే దింపుతారంట. ఒకప్పుడు నేను క్లినిక్‌లో పనిచేస్తానంటేనే ఇల్లెగిరిపోయేలా అరిచిన మనిషి!”

“ఊఁ. విన్నా.”

“అమ్మ కాలు కోసం నేర్చుకుంటానంటే ఇట్టే ఒప్పుకున్నారు. అందరికీ ఇలాంటి మొగుడు దొరకడు అత్తయ్యా.”

“నలభై మూడు చదవనా?”

“ఉండండి, రికార్డు బుక్కులో ఒక గడి ఖాళీగా ఉంది. మీ కాళ్ళ కొలతలు. ఎగ్జామినర్ ముందు అదే చూస్తారంట. రెండు కాళ్ళూ చాపండి.”

“ఇప్పుడెందుకూ? పాత కొలతే ఏసుకో.”

“పాతది మీరు పడిన మూడో నెల్లో, నేను పనిచేసిన క్లినిక్ హెలెన్ మేడమ్ వచ్చి కొలిచారు. కుడి పిక్క ముప్పై ఒకటి, ఎడమది ఇరవై ఎనిమిది. చూడండి, ఆవిడ చేత్తోనే రాశారు. పడుకున్న కాలు కదా, అరిగిపోతూ ఉంటుందన్నారు. కదలకండి. కుడిది... ముప్పై ఒకటి. ఎడమది... ఆఁ?”

“ఏంటి?”

“ముప్పై ఒకటి.”

“టేపు వదులుగా పట్టుకున్నావేమో.”

“లేదే. మళ్ళీ చూస్తా. ముప్పై ఒకటి! అత్తయ్యా, మూడు సెంటీమీటర్లు! అరిగిపోవాల్సింది పెరిగింది! నా చేతులే! నా చేతులే తెచ్చాయి ఈ కండని!”

“వాపేమో. నీరు దిగిందేమో.”

“నీరైతే వేలితో నొక్కితే గుంట పడాలి. పడట్లేదు చూడండి. గట్టి కండ. ఇప్పుడే మేడమ్‌కి ఫోన్ చేస్తా.”

“వద్దు! ... అంటే, రేపు చెబుదువులే. ముందు చదువుకో. నలభై మూడు, నలభై నాలుగు నీకొచ్చినవే. నలభై ఐదూ అంతే. నలభై ఆరు ఒంట్లో ఎముకల లెక్క, రెండొందల ఆరు. ఇక నలభై ఎనిమిది.”

“నలభై ఏడు వదిలేశారు.”

“సులువైందేలే.”

“సులువైనవే పరీక్షలో తప్పుతాం. చదవండి.”

“కళ్ళు మసకలేస్తున్నాయే.”

“అత్తయ్యా, చదవండి.”

“... ‘పనిచేయని కండకు రోజూ మర్దన చేస్తే ఆ కండ తిరిగి పెరుగుతుంది. తప్పా, ఒప్పా?’”

“తప్పు. మర్దన వల్ల రక్తం బాగా ఆడుతుంది, బిగువు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. కండ మాత్రం పెరగదు. పెరగాలంటే మనిషి తనంతట తాను... తనంతట తాను...”

“ఆగిపోయావేం?”

“వెనక పేజీలో జవాబు చూడండి.”

“తప్పనే ఉంది.”

“కదా.”

“చెయ్యెందుకు తీశావ్? ఇంకాస్త పట్టు.”

“ఈ కాలు నడుస్తోంది అత్తయ్యా.”

“పిచ్చిదానా! నడిస్తే ఇట్టా పడుంటానా?”

“ఎప్పటి నుంచి?”

“ఏంటే ఆ చూపు? నాకు భయమేస్తంది.”

“మడమ చర్మం ఇంత మొద్దుబారి ఉంటే చలికి పగిలిందనుకున్నా. వెన్న రాశా! ఎప్పటి నుంచి నడుస్తున్నారు?”

“అరవకు. కింద వాటావాళ్ళు వింటారు.”

“విననివ్వండి. ఎప్పటి నుంచి?”

“... నాలుగో నెల నుంచి.”

“నాలుగో నెల. అంటే పది నెలలు. పది నెలలు నేను బెడ్‌పాన్ ఎత్తాను.”

“అమ్మాయ్...”

“మిమ్మల్ని ఎత్తి కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ నా నడుం పడిపోయింది. మీ కాలు కోసం గుణదల మాత కొండ మోకాళ్ళ మీద ఎక్కాను. చర్మం ఊడొచ్చింది. వారం రోజులు లంగా తగిలితే ఏడ్చాను. ఆ రోజు ఇంట్లో మీరొక్కరే. ఏం చేశారు?”

“ఎందుకమ్మా ఇప్పుడవన్నీ?”

“ఏం చేశారు?”

“... దోసకాయ పచ్చడి నూరుకున్నా.”

“నేను రాగానే, పచ్చడి పక్కింటి మార్త గారు ఇచ్చారని మీరంటే, ఆవిడకి థాంక్స్ చెప్పొచ్చాను. పాపం, ఏం థాంక్సో తెలీక ఆవిడ తెల్లబోయింది.”

“నన్ను కొట్టు. కొట్టమ్మా. నీకు హక్కుంది.”

“ఎందుకు చేశారు? నేనేం తక్కువ చేశాను మీకు?”

“తక్కువ చేస్తే ఎప్పుడో లేచి తిరిగేదాన్ని. కాలు స్వాధీనంలోకొచ్చిన వారమే ఆ హెలెన్ మేడం నీకు ఫోన్ చేసింది, మళ్ళీ పన్లోకి రమ్మని. గుర్తుందా?”

“ఉంది. మా అత్తగారు మంచాన ఉన్నారు మేడమ్, రాలేనన్నాను. ఫోన్ పెట్టేసి బాత్‌రూమ్‌లో ఏడ్చాను.”

“తెలుసు. ఇనపడింది. నేనప్పుడే లేవాల్సింది. వాడు లేవనివ్వలా.”

“ఎవరు?”

“ఇంకెవరు? నా కొడుకు.”

“ఆయన పేరెత్తకండి.”

“నువ్వు బజారుకెళ్ళినప్పుడు గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచా. వాడు చూశాడు. సంబరపడతాడనుకున్నా. తలుపేసొచ్చి, ‘ఇంకొన్నాళ్ళు పడుకోమ్మా, నువ్వు లేచావంటే అది మళ్ళీ ఊళ్ళో వాళ్ళ ఒళ్ళు పట్టడానికి పోద్ది’ అన్నాడు.”

“అబద్ధం.”

“ఆస్పత్రికి నిన్నెప్పుడన్నా రానిచ్చాడా? కాలు ఇంతే అన్నారని వాడొచ్చి చెప్పడమేగా.”

“నాకు సెలవు దొరకదని, ఆయనే శ్రమపడి తీసుకెళ్ళేవారు.”

“ఇంట్లో ఉన్నదానికి సెలవేంటే తల్లీ?”

“మీ తప్పు ఆయన మీదికి తోస్తున్నారు. కోర్సులో చేర్చింది ఆయన. రేపు గుంటూరు తీసుకెళ్ళేది ఆయన.”

“రేపు నువ్వు గుంటూరు వెళ్ళవు.”

“ఏం?”

“తెల్లారుజామున ఐదింటికి నాకు ఆయాసం రావాలి. వాడు చెప్పాడు. గుండె పట్టుకుని, వినీలా వినీలా అని నీ చెయ్యి వదలకూడదంట. కోర్సంటే ఇంట్లో కూర్చుని చదివేదే కదాని ఊరుకున్నాడు. సర్టిఫికెట్ చేతికొస్తే నువ్వాగవని వాడి భయం.”

“ఛీ! కన్నకొడుకు మీద ఇంత కథ అల్లడానికి నోరెలా వచ్చింది మీకు?”

“కథ కాదమ్మా. పది నెలలూ నేనూ సుఖపడ్డా, కాదన్ను. తల దువ్వేది నువ్వు, కబుర్లు చెప్పేది నువ్వు. నువ్వు పన్లోకి పోతే నాకీ గోడలే. అందుకే వాడి మాట తీపిగా ఉంది. కానీ ఇందాక నా చేతులే, నా చేతులే అని నువ్వు గంతులేస్తుంటే నా ప్రాణం చచ్చిపోయింది.”

“నా మొగుడు అలాంటివాడు కాదు.”

“సరే. కాదు.”

“కాదు అత్తయ్యా. ఆరేళ్ళు కాపురం చేశాను. నాకు తెలీదా?”

“మెట్ల మీద చెప్పుల చప్పుడు. వచ్చాడు. నా తల్లివి కదూ, వెళ్ళి తలుపు తియ్యి. ఇప్పుడే ఏం అడగమాక.”

“నేను తీయను. మీరు లేచి తీయండి.”

“నేనా?”

“మీరే. నేను వంటింట్లో నిలబడతా. పద్నాలుగు నెలల తర్వాత అమ్మ నడిచొచ్చి తలుపు తీస్తే కొడుకన్నవాడు ఏం చేస్తాడు? కేకేస్తాడు. ఏడుస్తాడు. నన్ను పిలిచి చూపిస్తాడు. అప్పుడు మీరు చెప్పినదంతా అబద్ధమని నాకు తెలుస్తుంది. మిమ్మల్ని జన్మలో క్షమించను, కానీ ఆయన నాకు మిగులుతాడు.”

“వద్దమ్మా. నువ్వు తట్టుకోలేవు.”

“లేవండి.”

“వినీలా! తలుపు!”

“లేవండి అత్తయ్యా. ఆయన పిలుస్తున్నారు.”

“వినీలా! ఎంతసేపు?”

“వస్తన్నా... వస్తన్నానయ్యా...”

“అదేంటమ్మా, నువ్వొచ్చావ్? వినీల ఇంట్లో లేదా?”