వరిగడ్డి మెరుపు

కంకిపాడు రోడ్డులోని కార్ల పాలిషింగ్ షాపతను నల్ల కారు బానెట్ మీద టార్చి వేసి చూశాడు. సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. ఆ పనితనం ఎవరిదో అతనికి తెలుసు. కారు తెచ్చినాయన వైపు తిరిగాడు.

"మళ్లీ నాన్నగారేనా అండీ?"

"ఆయనే. ఎద్దుల్ని అమ్మేశాం కదా, పొద్దున్నే ఆయన చెయ్యి ఊరుకోదు. వరిగడ్డి చుట్టచుట్టి, కుంకుడు రసంలో ముంచి, ఎద్దుని తోమినట్టే తోమేస్తారు."

"మెత్తటి గుడ్డతో తుడవమని ఒక్కమాట చెప్పొచ్చు కదండీ?"

"ఎలా చెప్పనండీ? కిందటిసారి మీరు గీతలన్నీ తీసి అద్దంలా చేసిచ్చారు. సర్వీసింగ్ అయిందని చెప్పి ఇంటికి తీసుకెళ్లాను. ఆయన కారు చుట్టూ తిరిగి చూసి, 'నా తోముడంటే ఏమనుకున్నావురా!' అని మురిసిపోయారు. ఇక గీతల మాటెలా ఎత్తను?"

"అట్లా ఊరుకుంటే ఎట్లాగండీ? కిందటిసారికే పైపూత పలచబడిపోయింది. ఇంకోసారి మిషను పెడితే రంగే లేచిపోద్ది."

"ఈ కారు మాది కాదులెండి."

షాపతను తలుపు తీసి చూశాడు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు.

"మరెవరిదండీ?"

"ఎదురింటివాళ్లది. మా కారు మెరుపు చూసి, వాళ్లే నాన్నని బతిమాలి తోమించుకున్నారు. తడారితే గీతలు కనపడతాయని, పెట్రోలు కొట్టించుకొస్తానని చెప్పి తాళం తీసుకున్నాను."

"ఇప్పుడేం చేద్దామంటారు?"

"సాయంత్రానికి అద్దంలా చేసివ్వండి. రేపు పక్కవీధివాళ్లు కారు తెస్తారంట. నాన్న అప్పుడే గడ్డి తడిపి పెట్టుకున్నారు."