‘చూడలేదు’ అని రాసిన చేతికి

1990 జూలై రెండవ తేదీ ఉదయం, లిఫ్టుల తనిఖీ శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఆమె బాధ్యతలు స్వీకరించారు. తొలిరోజు తన కుర్చీ ఎక్కడని అడగలేదు, తాళంచెవులు ఎక్కడుంటాయని అడిగారు. మేడపై యంత్రపు గది తెరిచి చూడనిదే ధ్రువపత్రం ఇవ్వరాదని శిక్షణలో చెప్పిన పాఠాన్ని ఆమె నిజమని నమ్మారు. మనలో చాలామందిమి దాన్ని పరీక్ష రాసిన మర్నాడే మరిచాం.

తొలి పన్నెండేళ్లలో ఈ ఊళ్లో ఆమె ఎక్కని మేడ లేదు. ఒకసారి భార్యాభర్తలిద్దరూ రైలుకు బయలుదేరి వీధి చివరిదాకా వెళ్లాక, గ్యాస్ కట్టేశావా అని భర్త అడిగారట. "కట్టేసే ఉంటాను. కానీ చూడలేదు," అని ఆమె వెనక్కి తిరిగి నాలుగంతస్తులూ ఎక్కారు. గ్యాస్ కట్టేసే ఉంది, రైలు మాత్రం వెళ్లిపోయింది. ఆయన నాలుగు రోజులు మూతి ముడుచుకున్నారు.

పదమూడో ఏట ప్రసూతి ఆసుపత్రి లిఫ్టు ఫైలు ఆమె బల్లమీదికి వచ్చింది. మర్నాడే మంత్రిగారి ప్రారంభోత్సవం. ఫైలు ఇచ్చారు గానీ పైగది తాళంచెవి ఇవ్వలేదు.

"ఒక్క సంతకమే కదమ్మా, పెట్టేస్తే పోతుంది," అన్నారు పై అధికారి.

"తాళం తీయించండి సార్, చూసి పెడతాను. చూడకుండా చూశానని ఎలా రాయను?"

పరిశీలన అన్న గడిలో ‘చూడలేదు’ అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చారు. ఆ సాయంత్రమే ఆమెను పాత రికార్డుల గదికి మార్చారు. ‘అంతా సక్రమం’ అని మనలో ఒకరు రాశారు. మిగిలినవాళ్లం నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాం.

నాలుగో నెలలో ఆ లిఫ్టు తాడు తెగింది. లిఫ్టులో ఉన్న ఆయాకు రెండు కాళ్లూ విరిగాయి. తప్పంతా తాడుదేనని విచారణలో తేల్చారు, మనుషులెవరికీ ఏ శిక్షా పడలేదు. ఆయాను పరామర్శించి వచ్చిన రోజు ఆమె కోపంతో కాగితం ముందేసుకుని కూర్చున్నారు. మళ్లీ తనిఖీకి పంపమని ఏటా అర్జీ పెట్టుకున్నారు. కిటికీ లేని ఆ గదిలో ఇరవై ఒక్క అర్జీలు రాశారు, ఒక్కదానికీ జవాబు లేదు. ఏటేటా నైతిక విలువల వారోత్సవంలో మనం చేతులు చాచి గొంతెత్తి ప్రతిజ్ఞ చేస్తే, ఆ ప్రతిజ్ఞ కాగితాన్ని అరలోంచి వెతికి ఇచ్చింది కూడా ఆమే. మనకు సిగ్గు వేయలేదు.

ఆమె పదవీ విరమణ సందర్భంగా మన కార్యాలయ పత్రిక ఈ సంచికకు మొదట రాసిన వ్యాసాన్ని ఆనవాయితీ ప్రకారం ఆమెకు పంపాం. ‘ఆమె నిజాయితీకి ఈ కార్యాలయం సదా అండగా నిలిచింది’ అన్న వాక్యం అందులో ఉంది. ఆమె కళ్లజోడు సర్దుకుని చదివి, ఆ వాక్యం పక్కన ఒకే ఒక్క మాట రాసి, సంతకం పెట్టి తిప్పి పంపారు.

‘చూడలేదు.’

ఆ వ్యాసాన్ని చించేసి ఇది రాశాం. ఆమెకు సంపూర్ణ ఆరోగ్యమూ, నిండు నూరేళ్ల ఆయుష్షూ కలగాలని కోరుతున్నాం. ఇకమీదట ఆమె ఎక్కబోయే ప్రతి లిఫ్టునూ మనలో ఎవరో ఒకరు నిజంగా చూసి ఉండాలని కూడా కోరుతున్నాం.