సబ్బు దాచేశాను

బడిలో నర్సు గది. నర్సు ఎదురుగా ఒక బైకు మెకానిక్. అతని కూతురు బయట బెంచీ మీద ఉంది.

“పొద్దుట్నించి పదకొండుసార్లు చేతులు కడుక్కుందండీ. వేళ్ళ సందుల్లో రక్తం చూశారా?”

“చూశాను. సబ్బు దాచేశాను.”

“దాస్తే?”

“నా షెడ్డుకొచ్చి కిరసనాయిలుతో కడుక్కుంది. రెండు తగిలించాను.”

“కొట్టారా?”

“మరి ముద్దు పెట్టుకోమంటారా? క్లాసు ఎగ్గొట్టే వేషాలమ్మా ఇవి. వచ్చే వారం హాస్టల్లో పడేస్తున్నా. అక్కడ నీళ్ళు రోజుకి గంటేనట. తిక్క కుదురుతుంది.”

“తొమ్మిదేళ్ళ పిల్లండీ! ఇంట్లో ఇంకెవరున్నారు?”

“నేను, అది.”

“మాట్లాడుకుంటారా?”

“‘తిన్నావా’ అంటాను. ‘ఊఁ’ అంటుంది. ఇంకేం మాటలుంటాయి?”

“కలిసి తింటారా?”

“తన కంచం తీసుకుని మూలకి పోతుంది. నా కంచం ముట్టుకోదు. నన్నూ ముట్టుకోదు. పొగరు.”

“ఎప్పట్నించి?”

“వాళ్ళమ్మ పోయాక. అది అడక్కండి.”

“అడగాలి. ఏం జబ్బు?”

“కేన్సరు. ఇంజెక్షన్లకి ఒళ్ళు డొల్లయిపోయింది. చిన్న జలుబు అంటినా తట్టుకోలేదు, చేతులు కడుక్కోందే ఎవర్నీ రానివ్వొద్దన్నాడు డాక్టరు. గుమ్మంలో బకెట్టు పెట్టా.”

“మంచిపని.”

“ఏం మంచి! ఓ రోజు ఇది బడి నుంచి వచ్చింది వచ్చినట్టే పోయి తల్లిని వాటేసుకు పడుకుంది. మర్నాటికి జ్వరం. నాలుగోనాటికి మనిషి లేదు.”

“అప్పుడు పిల్లని ఏమన్నారు?”

“ఏమంటాను?”

“అన్నారా, లేదా?”

“పాడె లేచిన ఇల్లు. ఏవో అంటాం. గుర్తుపెట్టుకుంటామా?”

“తను పెట్టుకుంది. ‘నీ చేతులే మీ అమ్మని చంపాయి’ అన్నారట.”

“మీకు చెప్పిందా?”

“అన్నారా?”

“అన్నాను.”

“అది నిజం కాదని చెప్పండి. ఇప్పుడే. పిలుస్తాను.”

“వద్దు.”

“ఎందుకండీ? ఒక్క మాట. మీ నోటితో వస్తేనే నమ్ముతుంది.”

“హాస్టలుకి పోనీండి. నేను దాని మొహం చూడలేను.”

“ఇంకా కోపమేనా? పసిపిల్ల మీద?”

“కోపం కాదమ్మా. ఆ వారం జలుబు చేసింది దానికి కాదు. నాకు.”