ఒకే బల్ల మీద ఓణీ, తువ్వాలు

షెడ్డు తలుపుకు నిన్న వేసిన కొత్త తాళం మీద ఈ ఉదయం ఎర్రచీమలు పాకుతున్నాయి. వేసినవారి చేతికి మామిడి రసం అంటి ఉండాలి.

నా పేరు భాగ్యవతి. తండ్రి పోతురాజు. వయసు ఇరవై రెండు. మాది ముసునూరు. సిస్టర్ల బడిలో చదివి టైపు నేర్చుకున్నాను. నూజివీడు మామిడి వ్యాపారులకు ఇంగ్లీషు ఉత్తరాలు రాసి, టైపు చేసి ఇస్తాను. అదే నా జీవనం.

శారద గారు మామిడి వ్యాపారి. భర్త పోయాక, ఆయన భాగానికి వచ్చిన షెడ్డులో తనే వ్యాపారం చేస్తున్నారు. కాయ లేని నెలల్లో షెడ్డు ఖాళీగా ఉంటుంది. కిందటేడు వర్షాలు పడ్డాక ఆవిడ అందులో బల్లలు వేయించి, టెలిఫోను పెట్టించి, సొంత ఆఫీసు లేనివాళ్లు ఎవరైనా వచ్చి పని చేసుకోవచ్చన్నారు. ఫలానా బల్ల ఫలానా వారిదని లేదు. బస్సులో సీటుకు వేసినట్టు తువ్వాలు వేస్తే, తీసేదాకా ఆ బల్ల వారిది.

నేను ఉత్తరాలు ఇంటి దగ్గర రాసుకుని, టైపు చేయడానికి వారంలో మూడు రోజులు వచ్చేదాన్ని. ఇంట్లో మిషను పెట్టే చోటు లేదు. బజారులో అయితే మగవాళ్లు కిటికీ దగ్గర నిలబడి చూస్తారు. నా వేళ్లు ఆగిపోతాయి. శారద గారు నా బల్లను గోడ వైపు తిప్పించారు. ఎందుకో నన్ను చెప్పమనలేదు.

నా దగ్గర తువ్వాలు లేదు. పాత ఓణీ వేసేదాన్ని.

నిన్న, 1986 జూన్ 24, మంగళవారం. చివరి కాయ ఇంకా ఉండటంతో షెడ్డులో సగం గడ్డి పరిచి ఉంది. ఒక్క బల్లే వేశారు. ఉదయం నాకు, మధ్యాహ్నం ఇన్సూరెన్సు ఏజెంటు జోజి గారికి. పదకొండు గంటలకు ఓణీ బల్ల మీద ఉంచి, మంచినీళ్లకు పెరట్లోకి వెళ్లాను. జోజి గారు తన వంతు పోతుందేమోనని ఆ ఓణీ మీదే తువ్వాలు వేసి, టీకి వెళ్లారు. అప్పుడే శారద గారి బావగారు, ఆవిడ భర్తకు అన్న, భాస్కరరావు గారు వచ్చారు. లోపల ఎవరూ లేరు. బల్ల మీద ఓణీ, దాని మీద తువ్వాలు.

ఆయన కేకకు అందరం వచ్చాం.

"ఏంటమ్మా ఇది? ఆఫీసంటే ఇదేనా?"

"బస్సులో మీరు తువ్వాలు వెయ్యరా బావగారూ? పక్క సీట్లో ఆవిడకీ మీకూ ఏమన్నా ఉందా?" అన్నారు శారద గారు.

కాయ ఏరేవాళ్లు నవ్వారు. జోజి గారు, "రేపట్నుంచి గొడుగు పెడతాలెండి," అన్నారు. భాస్కరరావు గారు నవ్వలేదు.

"ఆ ఓణీ ఎవరిది?"

నేను గ్లాసుతో గుమ్మంలో ఉన్నాను. శారద గారు నా వైపు చూసి, ఆయన వైపు తిరిగారు.

"నాదే," అన్నారు.

ఆవిడది ఓణీ వేసుకునే వయసు కాదు. అయినా ఆయన ఆ మాటే పట్టుకుని, ఆవిడ షెడ్డులో తప్పుడు పనులు జరుగుతున్నాయని ఈ పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, తాళం వేశారు.

ఆ ఓణీ నాది. నీలం రంగుది, ఒక మూల సిరా మరక ఉంది. ఆ ఓణీ నాది. అక్కడ నన్ను ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. నేను తలెత్తి పని చేసుకున్న చోటు అదొక్కటే. తాళం తీయించి, శారద గారి పేరు మీద మచ్చ లేకుండా చేయమని వేడుకుంటున్నాను.

"నిన్నెవరైనా చెప్పమన్నారా అమ్మా?" అని సబ్ ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. లేదండి. శారద గారు వెళ్లొద్దనే అన్నారు.

రాసినది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, చెప్పినదంతా నిజం. సంతకానికి ముందు ఇంకొక్క మాట చేర్చమని అడిగాను. మా నాన్న భాస్కరరావు గారి తోటలో కావలి. మేముండే ఇల్లు ఆ తోటలోదే.

(సంతకం) పి. భాగ్యవతి